దూర విమానయానం – నిద్రదుస్తులు: ఒక వైజ్ఞానిక విమర్శ

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు” అని మన సామెత. పగలంతా పొలంలో పనిచేసి అలసిన మనిషికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. కాని భూమికి ముప్పది అయిదు వేల అడుగుల ఎత్తున, కాళ్ళు చాచుటకు వీలులేని కుర్చీలో రాత్రంతా గడపవలసిన మనిషి విషయంలో ఈ సామెత నిలువదు. అక్కడ నడుము బిగిస్తే నిద్ర రాదు. పాదాలు చల్లబడితే నిద్ర రాదు. మెడ వాలితే వచ్చిన నిద్ర కూడా పోతుంది.

అందుచేతనే కాబోలు, దూర విమానయానం చేసేవారు విమానమెక్కిన తరువాత పగటి దుస్తులు విడిచి, వదులైన నిద్రదుస్తులు ధరించవలెనన్న సలహా ప్రచారంలో ఉన్నది. దీనికి మద్దతుగా చెప్పే కారణాలు అయిదు. ఒకటి: ఎత్తుకు పోయినకొద్దీ పొట్ట ఉబ్బుతుంది గనుక బిగువు దుస్తులు పనికిరావు. రెండు: గాలి పీడనం తగ్గుటచేత కాళ్ళు వాపెక్కుతాయి గనుక వదులు బట్టలు కావలెను. మూడు: విమానంలోని పొడిగాలి ఒంటిలోని నీటిని పీల్చివేస్తుంది, తగిన దుస్తులు దానిని ఆపుతాయి. నాలుగు: నిద్రదుస్తులలో నిద్ర బాగా పడుతుంది. అయిదు: వదులు దుస్తులు ధరించినవారి కాళ్ళలో రక్తం గడ్డకట్టదు.

ఈ అయిదింటిలో మొదటిది నిజం. రెండవది తప్పు. మూడవది, నాలుగవది సగం నిజాలు. అయిదవ దానిని పూర్తిగా నమ్మినవారికి ప్రమాదం కలుగవచ్చు. ఎందువలననో పరిశీలింతము.

మనకెందుకీ చర్చ?

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో అనేక జిల్లాలుగా విడిపోయినవి. కాని ఒక విషయంలో మాత్రం ఆ ప్రాంతమంతా ఒక్కటే. 1970 తరువాత గల్ఫు దేశాలలో చమురు ఆదాయం పెరిగి నిర్మాణపు పనులు విస్తరించిన నాటినుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల నుండి వేలాది మంది దుబాయి, సౌదీ అరేబియా, కువైటు, కతార్, ఒమాన్, బహ్రెయిన్ దేశాలకు కూలికి పోతున్నారు. తరువాతి కాలంలో ఇంజనీరింగు చదివిన పిల్లలు అమెరికాకు పోయినారు. కొడుకును, కోడలిని చూచుటకు, మనుమలను ఎత్తుకొనుటకు తల్లిదండ్రులు వారి వెనుక పోతున్నారు. మన ఉన్నత పాఠశాలల విద్యార్థులలో విమానమెక్కినవారు కొద్దిమందే కావచ్చు. కాని విమానమెక్కిన తండ్రో, అన్నో, మేనమామో ఒక్కరికైనా లేని తరగతి గది ఈ ప్రాంతంలో అరుదు.

ఊరు దాటి పోయేటప్పుడు ఉన్నంతలో మంచి బట్ట కట్టుకొనుట మన మర్యాద. కనుకనే గల్ఫుకు పోయే యువకుడు కొత్త జీన్సు ప్యాంటు, దానిపైన బిగించిన బెల్టు, ఇంకా పాదానికి అలవాటు పడని కొత్త బూట్లు వేసుకొని బయలుదేరుతాడు. అమెరికాకు పోయే తల్లి పట్టుచీర కట్టుకొని, జారిపోతుందేమోనని లంగా బొందు మరికొంచెం బిగిస్తుంది. వీరికి నిద్రదుస్తుల సలహా చెప్పినవారు తక్కువ. చెప్పినా, అది వీరి ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకొని చెప్పినది కాదు.

సలహా ఎవరికోసం పుట్టినది?

విమానంలో బట్టలు మార్చుకొనే ఆచారం కొత్తది కాదు. 1930–40 దశకాలలో మహాసముద్రాలు దాటిన బోయింగ్ 314 జలవిమానాలలోను, రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన స్ట్రాటోక్రూజర్ విమానాలలోను, రైలుబండిలో వలె పరుపులు గల బెర్తులు ఉండేవి. ప్రయాణికులు బట్టలు మార్చుకొని, దుప్పటి కప్పుకొని, వెల్లకిల పడుకొనేవారు. నేడు అట్టి పడకలు ముఖ్యంగా మొదటి తరగతి, వ్యాపార తరగతి ప్రయాణికులకే దొరుకుతున్నవి. వారికి కొన్ని విమాన సంస్థలు నిద్రదుస్తులను ఉచితంగా ఇస్తున్నవి. 2016లో ఎమిరేట్స్ సంస్థ తన మొదటి తరగతి వారికోసం, చర్మాన్ని మృదువుగా ఉంచే పదార్థాలు గల సూక్ష్మగుళికలను బట్టలో ఇమిడ్చిన దుస్తులను ప్రవేశపెట్టినది.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. పడుకొనేవారి కోసం పుట్టిన సలహాను కూర్చొనేవారికి యథాతథంగా అప్పగించినారు. పడుకొన్న మనిషి పాదాలు గుండెతో సమానమైన ఎత్తున ఉంటాయి. కూర్చున్నవాని పాదాలు గుండెకు చాలా దిగువన ఉంటాయి. శరీరశాస్త్ర దృష్టిలో ఈ రెండింటికీ ఉన్న భేదం ముందు, పైజామాకు ప్యాంటుకు ఉన్న భేదం చాలా చిన్నది.

విమానం లోపలి వాతావరణం

ముప్పది అయిదు వేల అడుగుల ఎత్తున బయటి ఉష్ణోగ్రత సున్నకు దిగువన 54 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉంటుంది. అక్కడి పలుచని గాలిలో మనిషి బ్రతుకలేడు. అందువల్ల విమానంలోనికి గాలిని సంపీడనం చేసి పంపుతారు. అయితే లోపలి పీడనం నేలమీది పీడనంతో సమానం కాదు. 8,000 అడుగుల ఎత్తుగల కొండమీద ఉండే పీడనానికి తగ్గకుండా చూచుట నియమం. కొన్ని కొత్తరకం విమానాలలో దీనిని 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. ఊటీ పట్టణం సుమారు 7,350 అడుగుల ఎత్తున ఉన్నదని తలచుకొంటే పాఠకులకు ఒక అంచనా దొరుకుతుంది. లోపలి ఉష్ణోగ్రత సాధారణంగా 22 నుండి 24 డిగ్రీలు. బయటి గాలిలో నీటి ఆవిరి దాదాపు లేనందున లోపలి సాపేక్ష ఆర్ద్రత 10 నుండి 20 శాతం మాత్రమే. ఈ మూడు విషయాలను, అనగా పీడనం, ఉష్ణోగ్రత, ఆర్ద్రతలను గుర్తుంచుకొని, ఒక్కొక్క వాదాన్ని తూచి చూతము.

పొట్ట ఉబ్బుట: ఇది నిజం

ఉష్ణోగ్రత మారనప్పుడు వాయువు ఘనపరిమాణం దాని పీడనానికి విలోమానుపాతంలో ఉంటుందని బాయిల్ సూత్రం. మన ప్రేగులలో ఎల్లప్పుడు కొంత వాయువు ఉంటుంది. ఈ సూత్రం దానికీ వర్తిస్తుంది.

శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పీడనం సుమారు 706 మిల్లీమీటర్ల పాదరసం. 8,000 అడుగుల వద్ద అది సుమారు 565. ప్రేగులలోని వాయువు నీటి ఆవిరితో తడిసి ఉంటుంది. శరీరోష్ణోగ్రత వద్ద ఆ ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్లు. బయటి పీడనం మారినా ఇది మారదు. కావున దీనిని రెండు వైపులా తీసివేయవలెను. నేలమీద 706 – 47 = 659. ఆకాశంలో 565 – 47 = 518. మొదటి దానిని రెండవదానితో భాగిస్తే 1.27 వస్తుంది. అనగా హైదరాబాదులో 100 ఘన సెంటీమీటర్లున్న వాయువు విమానంలో 127 ఘన సెంటీమీటర్లు అవుతుంది.

దుబాయి సముద్రమట్టంలోనే ఉన్నది. అక్కడి పీడనం 760గా తీసుకొంటే తిరుగు ప్రయాణంలో లెక్క 713 ÷ 518, అనగా 1.38 అవుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు పొట్ట మరికొంచెం ఎక్కువ ఉబ్బుతుందన్నమాట. విద్యార్థులు బాయిల్ సూత్రానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణను వెదకనక్కరలేదు.

కావున నడుము వద్ద వదులు కావలెనన్న మాట శాస్త్రసమ్మతమే. అయితే దానికి బట్టలన్నీ మార్చుకొనవలసిన పని లేదు. ప్యాంటు బెల్టును ఒకటి రెండు రంధ్రాలు వదులు చేసినా, లంగా బొందును విప్పి కొంచెం వదులుగా కట్టుకొన్నా చాలును. విమానపు సీటుబెల్టును మాత్రం వదలరాదు. అది పొట్టకు కాక తుంటి ఎముకలపై ఆనునట్లు పెట్టుకొంటే ఇబ్బంది ఉండదు.

కాళ్ళ వాపు: కారణం వేరు

గాలి పీడనం తగ్గుటచేతనే కాళ్ళు వాచిపోతాయని చాలామంది నమ్మకం. పొట్టలోని వాయువుకు వర్తించిన సూత్రాన్ని కాళ్ళలోని ద్రవానికి అన్వయించుట వలన ఈ పొరపాటు పుట్టినది. ద్రవాలు వాయువుల వలె వ్యాకోచించవు. పైగా బయటి పీడనంలో వచ్చిన మార్పు శరీర ద్రవాలంతటా సమానంగా వ్యాపిస్తుంది. ఇది పాస్కల్ సూత్రం. కాళ్ళకొక పీడనం, తలకొక పీడనం విమానం కల్పించదు.

వాపుకు అసలు కారణం గురుత్వాకర్షణ. కూర్చున్న మనిషి పాదం గుండెకు సుమారు 75 సెంటీమీటర్ల దిగువన ఉంటుందనుకొందము. అంత ఎత్తుగల రక్తస్తంభం పాదంలోని సిరలపై సుమారు 58 మిల్లీమీటర్ల పాదరసపు అదనపు పీడనాన్ని కలిగిస్తుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు ముడుచుకొని, సిరలను పిండి, రక్తాన్ని పైకి తోస్తాయి. సిరలలోని కవాటాలు దానిని తిరిగి క్రిందికి జారనివ్వవు. అందుచేతనే పిక్కను రెండవ గుండె అంటారు. మనిషి కదలక కూర్చుంటే ఈ పంపు ఆగిపోతుంది. పీడనానికి రక్తంలోని నీరు కేశనాళికల గోడల నుండి ఊరి చుట్టుప్రక్కల కణజాలంలో చేరుతుంది. చీలమండల వద్ద వ్రేలితో నొక్కితే గుంట పడుతుంది.

దీనికి సాక్ష్యం కోసం ఆకాశానికి పోనక్కరలేదు. ఆదిలాబాదులో రాత్రి బస్సు ఎక్కి తెల్లవారి హైదరాబాదులో దిగినవారి పాదాలను చూచినా చాలు. ఆ బస్సులో గాలి పీడనాన్ని ఎవరూ తగ్గించలేదు.

పొడిగాలి: సగం నిజం

విమానంలో పెదవులు ఎండుట, ముక్కు లోపల మంట, కళ్ళు పొడిబారుట అందరి అనుభవం. ఇది నిజమే. కాని శరీరం లోపలి నీరంతా హరించిపోతుందనుట లెక్కకు నిలువదు.

23 డిగ్రీల వద్ద ఆర్ద్రత 50 శాతం ఉన్న గదిలో ఒక ఘనమీటరు గాలిలో సుమారు 10.3 గ్రాముల ఆవిరి ఉంటుంది. విమానంలో ఆర్ద్రత 15 శాతమనుకొంటే 3.1 గ్రాములు. మనం విడిచే ఊపిరి రెండుచోట్లా తేమతో నిండియే ఉంటుంది గనుక, ప్రతి ఘనమీటరు గాలికీ మనం అదనంగా పోగొట్టుకొనేది 7.2 గ్రాములు. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి, అనగా గంటకు 0.36 ఘనమీటరు పీలుస్తాడు. గంటకు అదనపు నష్టం 2.6 గ్రాములు. పదునైదు గంటల అమెరికా ప్రయాణంలో సుమారు 39 గ్రాములు. చర్మం గుండా పోయేదానిని కలుపుకొన్నా, ఒక గ్లాసు మంచినీరు త్రాగితే తీరే లోటే ఇది.

ఇక నూలు బట్టకు గాని, సూక్ష్మగుళికల బట్టకు గాని ఇందులో గల పాత్ర ఏమిటి? అట్టి బట్ట తాను తాకిన చర్మాన్ని కొంత మృదువుగా ఉంచవచ్చును. కాని పొడిగాలి ముఖ్యంగా బాధించేది కళ్ళను, ముక్కును, పెదవులను. ఆ మూడింటినీ ఏ పైజామా కప్పదు. అప్పుడప్పుడు నీరు త్రాగుట, పెదవులకు కొంచెం వెన్నో, వాసలీనో రాచుట, కళ్ళలో అద్దకాలు వాడేవారు వాటిని తీసి మామూలు కళ్ళజోడు పెట్టుకొనుట ఇంతకన్న చవకైన, నమ్మదగిన ఉపాయాలు.

నిద్ర: సలహాలోని లోపం

బిగువు లేని బట్టలలో నిద్ర బాగా పడుతుందనుట అనుభవమే. కాని ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. కూర్చొని మెలకువగా ఉన్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. నిద్రలో అది సుమారు 70 వాట్లకు తగ్గుతుంది. వేడి పుట్టుట తగ్గినప్పుడు వేడి పోవుట కూడా తగ్గవలెను. లేనిచో చలివేస్తుంది. కనుక నిద్రకు ఎక్కువ కప్పు కావలెను గాని తక్కువ కాదు. ఇంట్లో మనం పలుచని లుంగీ, బనీనుతో పడుకొన్నా, పైన చెద్దరు ఉంటుంది, క్రింద పరుపు ఉంటుంది. విమానంలో మందపు ప్యాంటు విడిచి పలుచని నిద్రదుస్తులు వేసుకొన్నవాడు, నిద్రకు కావలసిన కప్పును నిద్రకు ముందే తీసివేసుకొన్నవాడవుతాడు. నడిరాత్రి వణుకుతూ లేచి దుప్పటి కోసం వెదకుతాడు.

బట్టలు వెచ్చదనాన్ని ఇచ్చుట వాటి పోగుల వలన కంటె, ఆ పోగుల మధ్య చిక్కుకొన్న గాలి వలన. దుస్తుల ఉష్ణనిరోధాన్ని కొలుచుటకు శాస్త్రజ్ఞులు 1941లో ‘క్లో’ అనే ప్రమాణాన్ని ఏర్పరచినారు. 21 డిగ్రీల గదిలో కదలక కూర్చున్న మనిషికి హాయిగా ఉంచే దుస్తుల విలువ ఒక క్లో. ఒక మందపు బట్ట కంటె రెండు పలుచని బట్టలు మేలగుటకు కారణం, వాటి నడుమ మరొక గాలిపొర చిక్కుట. అట్లే చెమటకు తడిసిన బట్ట చలి పుట్టించుటకు కారణం, గాలి ఉన్నచోట నీరు చేరుట. నీటి ఉష్ణవాహకత గాలికంటె ఇరువది రెట్లకు పైన ఎక్కువ. వేసవిలో రామగుండం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో చెమటోడ్చి బస్సెక్కి, అదే తడి బట్టతో 22 డిగ్రీల విమానంలో కూర్చున్నవానికి జలుబు చేసినట్లనిపించుటలో వింత లేదు. ఇట్టివారికి విమానాశ్రయంలో పొడి బనీను, పొడి చొక్కా మార్చుకొనుట నిజంగా ఉపకరిస్తుంది.

మరొక ముఖ్య విషయం పాదాలు. నిద్ర పట్టేముందు శరీరం తన లోపలి వేడిని చేతుల, పాదాల చర్మం గుండా బయటికి పంపుతుంది. అందుకై అక్కడి రక్తనాళాలు విప్పారుతాయి. పాదాలు వెచ్చగా ఉన్నవారికి నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండులోని బాసెల్ శాస్త్రజ్ఞులు 1999లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించినారు. కాబట్టి బిగువు బూట్లు విప్పి, ఒక జత నూలు మేజోళ్ళు తొడుగుకొనుట పట్టు పైజామాకంటె ఎక్కువ నిద్రను తెస్తుంది.

రక్తపు గడ్డ: ఇక్కడ జాగ్రత్త

అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఇది. కాళ్ళలోని లోతైన సిరలలో రక్తం నిలిచిపోతే ఒక్కొక్కప్పుడు గడ్డకడుతుంది. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. దీనికి జనం ‘ఎకానమీ తరగతి వ్యాధి’ అని పేరు పెట్టినారు. ఆ పేరు మనలను తప్పుదారి పట్టించినది.

1940లో లండను నగరంపై బాంబులు పడుతున్న రోజులలో ప్రజలు ఆశ్రయాలలో మడతకుర్చీలపై కూర్చొని రాత్రులు గడిపేవారు. అట్టివారిలో ఊపిరితిత్తులకు గడ్డ చేరి చనిపోయేవారి సంఖ్య పెరిగినదని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గమనించినాడు. వారిలో ఎవరూ విమానమెక్కినవారు కారు. 1954లో అమెరికాలో జాన్ హోమన్స్ అనే శస్త్రవైద్యుడు, విమానంలోనే గాక కారులో చాలాసేపు కూర్చొనుట కూడా ఇట్టి గడ్డలకు దారితీయవచ్చునని వ్రాసినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన ఫలితాల ప్రకారం, నాలుగు గంటలకు మించి కదలక చేసిన ప్రయాణం ఈ ప్రమాదాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. ఆ ప్రయాణం విమానంలో అయినా, రైలులో అయినా, బస్సులో అయినా, కారులో అయినా ఫలితం ఒకటే.

ఇప్పుడు మన ప్రయాణికుని సంగతి చూడండి. హైదరాబాదు నుండి దుబాయికి విమానంలో సుమారు నాలుగు గంటలు. విమాన సంస్థల లెక్కలో ఇది దూరప్రయాణమే కాదు. కనుక దూరప్రయాణపు సలహాలు ఇతనికి వర్తించవని అందరూ అనుకొంటారు. కాని ఇతడు ఆదిలాబాదులో బస్సెక్కినాడు. మూడువందల కిలోమీటర్ల దారిలో ఆరేడు గంటలు కూర్చున్నాడు. విమానాశ్రయంలో మూడు గంటల ముందుగా చేరి, వరుసలో నిలిచినంతసేపు నిలిచి, మిగిలిన కాలం కూర్చున్నాడు. తరువాత విమానంలో నాలుగు గంటలు. జెద్దాకు పోయేవాడైతే ఇంకొక గంటన్నర పైన. దిగిన తరువాత పనిచోటికి మరల బస్సు. లెక్కవేస్తే పదునాలుగు, పదునైదు గంటలు. అతని పిక్క కండరాలకు ఇది అమెరికా ప్రయాణంతో సమానమే. పిక్కకు విమానపు టిక్కెట్టు తెలియదు, కూర్చున్న గంటలే తెలుసును.

కూర్చున్న ఆ గంటల ఫలితాన్ని పైజామా ఒక్కటే మార్చలేదు. మోకాలి వెనుక, గజ్జల వద్ద బట్ట ఒత్తిడి లేకుండుట మంచిదే. కాని వదులు బట్ట రక్తాన్ని పైకి తోయదు. తోసేది కండరం మాత్రమే. నిద్రదుస్తులు ధరించినాను గనుక ఇక భయం లేదని ఎనిమిది గంటలు కదలక నిద్రించినవాడు, బిగువు ప్యాంటుతో గంటకొకసారి లేచి నడిచినవాని కంటె ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు.

ఇందులో ఒక వింత కూడా ఉన్నది. ఈ ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు సిఫారసు చేసేది వదులు దుస్తులు కాదు, ఒక రకం బిగువు మేజోళ్ళు. అవి చీలమండ వద్ద ఎక్కువ బిగువుగా, పైకి పోయినకొద్దీ తక్కువ బిగువుగా ఉంటాయి. అందువల్ల రక్తం పైకి పోవుటకు తోడ్పడుతాయి. మోకాలి క్రింద రబ్బరు పట్టీ బిగించే మామూలు మేజోళ్ళు దీనికి వ్యతిరేకమైన పని చేస్తాయి. కాబట్టి ‘బిగువు చెడ్డది, వదులు మంచిది’ అన్న సూత్రం కూడా సరికాదు. బిగువు ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న.

పాఠకులు అనవసరంగా భయపడరాదు. నాలుగు గంటలకు మించి విమానయానం చేసిన ఆరోగ్యవంతులలో సుమారు 6,000 మందికి ఒకరిలో మాత్రమే ఇట్టి వ్యాధి కనబడుతుందని అదే పరిశోధన తెలుపుతున్నది. కాని ఇటీవల శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, గర్భిణులు, మునుపు ఇట్టి గడ్డ వచ్చినవారు, స్థూలకాయులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు ప్రయాణానికి ముందు వైద్యుని అడుగవలెను. ప్రయాణం తరువాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా ప్రయాణపు బడలిక అనుకొని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. కొత్త దేశంలో కొత్త పనిలో చేరిన కూలివానికి ఈ ఒక్క మాట తెలిసి ఉండుట అతని ప్రాణానికి రక్ష.

బట్ట ఏ నూలుతో నేసినది?

నిద్రదుస్తులను అమ్మేవారు మెత్తదనాన్ని గురించి చెప్తారు గాని నిప్పును గురించి చెప్పరు. నైలాను, పాలిస్టరు బట్టలు సుమారు 220 నుండి 260 డిగ్రీల మధ్య కరుగుతాయి. కరిగిన ముద్ద చర్మానికి అంటుకొని లోతుగా కాలుస్తుంది. నూలుబట్టకు నిప్పు అంటుకొనుట నిజమే, కాని అది కరిగి ఒంటికి అంటుకొనదు. ఉన్ని నిప్పును ఇంకా బాగా నిరోధిస్తుంది. మన సిరిసిల్ల మరమగ్గాలపై పాలిస్టరు, నూలు రెండూ నేస్తారు. బట్ట చూచుటకు ఒకటిగానే ఉంటుంది గనుక కొనేటప్పుడు అడిగి తెలుసుకొనుట మంచిది.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుండి పోయిన ఎమిరేట్స్ విమానం దుబాయిలో దిగుతూ కూలి మంటలలో చిక్కినది. అందులోని 300 మంది బయటపడినారు. ఒక అగ్నిమాపకుడు మరణించినాడు. ప్రయాణికులలో కొందరు సామాను కోసం ఆగినారు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కాలిపోయినప్పుడు 379 మంది సామాను విడిచి, ప్రాణాలతో బయటపడినారు. వీటినిబట్టి బట్టలను గురించి రెండు పాఠాలు గ్రహించవచ్చు. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు పాదరక్షలు కాళ్ళకే ఉండవలెను. పాస్‌పోర్టు వంటి కాగితాలు పైన పెట్టిన సంచిలో గాక ఒంటిమీది బట్టల జేబులో ఉండవలెను. బట్టలు మార్చుకొనే తొందరలో కాగితాల జేబును సంచిలోకి పంపినవాడు, ఆపద వేళ ఆ సంచి కోసమే ఆగుతాడు.

మరి ఏమి ధరించవలెను?

మొదటి తరగతిలో పోయేవారికి విశాలమైన గది, పడక, మార్చుకొనే వీలు ఉన్నవి. వారు మార్చుకొంటే మనకు అభ్యంతరం లేదు. వెనుక తరగతిలో పోయేవారికి ఉన్నది నలుగురు వేచియుండే ఒక ఇరుకు మరుగుదొడ్డి. దాని నేల తడిగా ఉంటుంది, విమానం కుదుపుతుంది. అందులో ఒంటికాలిపై నిలిచి ప్యాంటు మార్చుకొనుట సుఖమనిపించుకోదు. కావున ఆకాశంలో మార్చుకొనే బట్టను గాక, ఇంటినుండి గమ్యం వరకు మార్చనక్కరలేని బట్టను ఎన్నుకొనుట బుద్ధిమంతుల పద్ధతి. మగవారికి నడుమున బిగువులేని నూలు ప్యాంటు గాని కుర్తా పైజామా గాని, లోపల బనీను, పైన చొక్కా. స్త్రీలకు నూలుచీర, వదులుగా కట్టిన లంగా బొందు. అలవాటున్నవారికి సల్వారు కమీజు. ఇద్దరికీ ఒక శాలువా, ఒక జత నూలు మేజోళ్ళు, పాదానికి అలవాటైన చెప్పులు లేక బూట్లు.

లుంగీతోనో, పైజామాతోనో విమానమెక్కినవానిని చూచి నవ్వేవారున్నారు. మొదటి తరగతిలో అదే పైజామాను అందమైన సంచిలో పెట్టి ఇస్తే దానిని సౌకర్యమంటారు. బట్ట ఒకటే, నూలు ఒకటే, ఉష్ణనిరోధమూ ఒకటే. మారినది కుర్చీ ధర మాత్రమే. ఇట్టి నవ్వుకు జంకి మన యువకులు బిగువు జీన్సులో పదునైదు గంటలు బాధపడుట అనవసరం. అయితే ఏ బట్ట వేసుకొన్నా గంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. లేవ వీలుకానప్పుడు కూర్చున్నచోటనే మడమలను నేలకానించి వ్రేళ్ళను పైకెత్తుట, వ్రేళ్ళను ఆనించి మడమలను పైకెత్తుట పదేసిమార్లు చేయవలెను. ఈ పని విమానంలో కాదు, బస్సులోనే మొదలుపెట్టవలెను.

తరగతి గదిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని సులభంగా ప్రత్యక్షం చేయవచ్చు. ఒకే పరిమాణం గల మూడు సీసాలలో సమానంగా వేడినీరు పోసి, మొదటిదానికి ఒక మందపు జీన్సు గుడ్డను, రెండవదానికి రెండు పొరల పలుచని నూలుగుడ్డను, మూడవదానికి తడిపిన నూలుగుడ్డను చుట్టవలెను. అయిదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత చూచి పట్టిక వ్రాసి, రేఖాచిత్రం గీయించవలెను. తడిగుడ్డ సీసా ఎంత త్వరగా చల్లబడుతుందో విద్యార్థులు స్వయంగా చూస్తారు. మొదటి రెండింటిలో ఏది గెలుస్తుందో ముందు ఊహించి వ్రాయమనుట మంచిది.

రెండవ పరీక్షకు పరికరమే అక్కరలేదు. ఒక పిరియడు మొదట్లో ప్రతి విద్యార్థి చీలమండ చుట్టుకొలతను దారంతో కొలిచి వ్రాసుకొనవలెను. సగం మంది కదలక కూర్చొనవలెను. సగం మంది కూర్చున్నచోటనే మడమలను ఎత్తుతూ దించుతూ ఉండవలెను. రెండు పిరియడ్ల తరువాత మరల కొలువవలెను. భేదం స్వల్పంగానే ఉండవచ్చు, ఒక్కొక్కరిలో కనబడకనే పోవచ్చు. అప్పుడు తరగతి మొత్తపు సగటు తీయుట ఎందుకు అవసరమో కూడా బోధపడుతుంది. ఆ సాయంకాలం ఇంటికి పోయిన విద్యార్థి, రాత్రి బస్సుకు పెట్టె సర్దుకొంటున్న అన్నతో, “మడమలు కదుపుతూ ఉండు, బెల్టు కొంచెం వదులు చెయ్యి” అని ఒక మాట చెప్పగలిగితే, ఆ రెండు పిరియడ్లు వృథా కావు.